కరోనా పేషెంట్‌కి ప్లాస్మా కావాలంటే: నెల్లూరు, ఒంగోలు వాళ్లకి దరఖాస్తు విధానం

కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, రక్త క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్నవాళ్లు, రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించుకునేవాళ్లు, వీళ్లకి కరోనా వస్తే ఒంట్లో వైరస్‌తో పోరాడే యాంటీబాడీలు సరిగా తయారవ్వవు, ఒక్కోసారి వైరస్ వారాల తరబడి వదలదు. అలాంటివాళ్లకి, కరోనా నుంచి కోలుకున్నవాళ్ల ప్లాస్మా (రక్తంలో యాంటీబాడీలు ఉండే ద్రవభాగం) ఎక్కిద్దామని డాక్టర్ అనవచ్చు. ఆ మాట వినగానే వాట్సాప్ గ్రూపుల్లో దాతల కోసం మెసేజ్‌లు పెట్టేస్తారు. దయచేసి ఆగండి, ప్లాస్మా అడగాల్సింది ఆసుపత్రి, మనం కాదు.

ముందు డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి. 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద చేసిన పరిశోధనలో ప్లాస్మా వల్ల మరణాలు తగ్గలేదు, 2021 మే 17న దాన్ని జాతీయ చికిత్సా మార్గదర్శకాల నుంచి తీసేశారు. అయితే ఆ పరిశోధన రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల కోసం ప్రత్యేకంగా చేసింది కాదు. అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2021 డిసెంబరులో, యాంటీబాడీలు బాగా ఉన్న ప్లాస్మాని అలాంటి పేషెంట్లకే పరిమితం చేస్తూ అనుమతి మార్చింది. కాబట్టి మీ పేషెంట్‌కి ఇది ఎందుకు అవసరమో డాక్టర్ కేస్ షీట్‌లో రాయాలి, రాయమని మీరే అడగండి, మొహమాటపడొద్దు. యాంటీవైరల్ మందులు ఇచ్చారా అనేది కూడా అడగండి. కొన్నిచోట్ల ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ (చికిత్స పేషెంట్‌కి న్యాయమైనదేనా అని చూసే కమిటీ) అనుమతి కావాలంటారు. అంగీకార పత్రం చదివాకే సంతకం పెట్టండి, అలర్జీ, ఆయాసం లాంటి ఇబ్బందులు రావచ్చని అందులో ఉంటుంది.

తర్వాత రిక్విజిషన్ ఫారం, అంటే ప్లాస్మా కావాలని ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకి రాసిచ్చే కాగితం. పేషెంట్ పేరు, వయసు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), బ్లడ్ గ్రూపు, జబ్బు, ఎన్ని యూనిట్లు, డాక్టర్ సంతకం, ఆసుపత్రి ముద్ర, ఇవన్నీ ఉండాలి. దాంతోపాటు పేషెంట్ రక్తం శాంపిల్ పంపుతారు. ట్యూబ్ మీద పేరు, ఐపీ నంబరు ఫారంలో ఉన్నట్టే ఉన్నాయో లేదో మీరూ ఒకసారి చూడండి, తేడా ఉంటే బ్లడ్ బ్యాంకులో వెనక్కి పంపేస్తారు. నెల్లూరులో రెడ్‌క్రాస్, జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) బ్లడ్ బ్యాంకుల్లో, ఒంగోలులో అయితే అందరూ రిమ్స్ అనే జీజీహెచ్‌లో అడగండి. బ్లడ్ బ్యాంకుల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-రక్తకోష్‌లో స్టాక్ కనిపిస్తుంది గానీ మామూలు ప్లాస్మా వేరు, ఇది వేరు. యాంటీబాడీలు కొలిచిన ప్లాస్మా ఉందా అని ఫోన్‌లో అడిగి బయల్దేరండి.

దాత కావాలంటే 18 ఏళ్లు నిండి, కరోనా పూర్తిగా తగ్గినవాళ్లయి ఉండాలి. ఎప్పుడైనా ఒక్కసారి గర్భం దాల్చిన ఆడవాళ్ల ప్లాస్మా సాధారణంగా తీసుకోరు, అందులో ఉండే కొన్ని యాంటీబాడీలు పేషెంట్ ఊపిరితిత్తులకి ప్రమాదం కావచ్చు. రక్తానికి ఉండే గ్రూపు లెక్క ప్లాస్మాకి తిరగబడుతుంది: ఏబీ వాళ్ల ప్లాస్మా అందరికీ పనికొస్తుంది, ఓ వాళ్లది ఓ వాళ్లకే. ప్లాస్మా అమ్ముతామని ఎవరైనా ఫోన్ చేస్తే నమ్మొద్దు, రక్తం అమ్మడం నేరం, బ్లడ్ బ్యాంకు తీసుకునేది ప్రాసెసింగ్ చార్జీ మాత్రమే, దానికి రసీదు ఇస్తారు.

ఆ రసీదు జాగ్రత్త. ఎన్టీఆర్ వైద్యసేవలో (రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే వైద్యమిత్ర చెప్తారు. వర్తించని ఖర్చుకి సీఎం సహాయనిధికి పెట్టుకోవచ్చు: ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తీసుకుని మీ ఎమ్మెల్యే ఆఫీసుకి వెళ్లండి. చెన్నైలో చేరినా బిల్లుల మీద ముద్ర, సంతకం వేయించుకునే బయటికి రండి, ఒక్క కాగితం కోసం మళ్లీ అంత దూరం పోవడం కష్టం. ఒరిజినల్స్ ఇచ్చేముందు అన్నిటికీ జిరాక్సులు తీసి ఇంట్లో పెట్టుకోండి.