ఇది ఏ భాష? కాగితం చూసి పోల్చుకోవడంలో వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

కరీంనగర్‌లో జిరాక్స్, డీటీపీ సెంటర్ పెట్టిన కొత్తలో నా కౌంటర్ మీదికి తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ కాగితాలు తప్ప వేరేవి వచ్చేవి కావు. ఇప్పుడు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు అరబీ కాగితాలు తెస్తారు. పిల్లల్ని ఎంబీబీఎస్‌కి బయటి దేశాలకు పంపినవాళ్లు రష్యన్, చైనీస్ కాగితాలు తెస్తారు. మహారాష్ట్రలోని భీవండి నుంచి తిరిగొచ్చిన నేత కుటుంబాలు మరాఠీ సర్టిఫికెట్లు తెస్తాయి. "అన్నా, దీన్ని తెలుగు చేయించాలె" అంటారు. ఏ భాష అని అడిగితే మాత్రం వాళ్లు నా మొహం చూస్తారు, నేను వాళ్ల మొహం చూస్తాను.

భాష తేల్చకుండా తప్పు అనువాదకుడికి పంపితే రెండు రోజులు పోతాయి, ఫీజు పోతుంది, పైగా మాట పడాలి. మూడూ నాకు అయ్యాయి. దాదాపు ప్రతిసారీ తప్పు ఒకటే: లిపి గుర్తుపట్టగానే భాష దొరికిందనుకోవడం. లిపి ఇంటిపేరులాంటిది, ఒకే ఇంటిపేరుతో ఊళ్లో పది ఇళ్లుంటాయి.

సమస్య: తెలుగులాగే ఉంది, చదవబోతే రావట్లేదు

నూటికి తొంభై సార్లు అది కన్నడమే. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకప్పటి ఒకే లిపి నుంచి విడిపోయాయి. బ, జ, ల లాంటివి ఇప్పటికీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కాబట్టి ఒక్కో అక్షరం పట్టుకుని కూర్చుంటే తేలదు, తలకట్టు చూడండి. మన తలకట్టు మాస్టారు వేసే టిక్ మార్కు. కన్నడ తలకట్టు అడ్డంగా పడుకుని, కుడి చివర కాస్త వంపు తిరుగుతుంది.

అక్షరాలు మరీ చిన్నగా ఉండి తలకట్టు తెలియకపోతే దీర్ఘాలు చూడండి. మనం 'కీ', 'కే' రాస్తే దీర్ఘం అక్షరం నెత్తిమీదే తేలిపోతుంది. కన్నడంలో హ్రస్వం రాసేసి, దాని పక్కన దీర్ఘానికి విడిగా ఒక కొక్కెం పెడతారు. వరుసలో ఆ కొక్కేలు అక్కడక్కడా కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైన గుర్తు. కర్ణాటక బస్సు మీద 'కర్నాటక' అని ఉన్నచోట చూడండి. మనమైతే 'ర' రాసి కింద నావత్తు ఇస్తాం. వాళ్లు 'నా' రాసి, దాని తర్వాత రకారానికి ఒక గుర్తు పెడతారు. పాత తెలుగు పుస్తకాలు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు, మన వలపలగిలకే. మనం దాదాపు వదిలేశాం, వాళ్లు ఉంచుకున్నారు.

కన్నడం కాదని తేలినా గుండ్రంగా ఉందంటే ఇంకొన్ని అనుమానాలు మిగులుతాయి. జంతికల గొట్టంలోంచి దిగినట్టు నిండు వలయాలు, సగం వలయాలు ఉండి, వాక్యం చివర రెండు చిన్న నిలువు గీతలుంటే బర్మీస్. అందులో 'వ' అక్షరం అచ్చం మన సున్నా. అక్షరాలు గొడుగు పట్టినట్టు పైన గుండ్రంగా కప్పి ఉంటే ఒడియా. చుక్క తలమీద పెట్టుకుని, ఒత్తులు లేకుండా, మధ్యమధ్యలో చతురస్రపు మూలలుంటే తమిళం. మలయాళం, సింహళం రెండూ మెలికలే. మలయాళం మెలికలు అడ్డంగా సాగుతాయి, సింహళం అక్షరాలు పొట్టతో, తోకతో పిట్టల్లా కూర్చుని ఉంటాయి.

జార్జియాకు మెడిసిన్‌కి వెళ్లిన అబ్బాయి వాళ్ల నాన్న ఒకసారి కాగితం తెచ్చి "ఇది మలయాళమా?" అన్నాడు. అదీ కొక్కేల మయమే. కానీ ఒక్క అక్షరానికీ గుణింతం లేదు, ఒత్తు లేదు. ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా నిలబడింది. గుణింతం లేని గుండ్రటి లిపి కనిపిస్తే మన దేశం దాటి వెతకాలి. జార్జియన్‌లో అక్షరాలు 33, ఇంగ్లిష్‌లోలా పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అని రెండు వరసలుండవు.

సమస్య: చదవడానికి వస్తోంది, అర్థం కావట్లేదు

ఇది అన్నిటికన్నా మోసం చేసే రకం. కుంకుమపువ్వు డబ్బా మీది రాత ఫొటో తీసుకుని ఒకతను వచ్చాడు. కుడి నుంచి ఎడమకు ఉంది, సరే అరబీ అని మా వీధి మౌల్వీ సాబ్ దగ్గరికి పంపాను. ఆయన అద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, "అక్షరాలన్నీ వస్తున్నయి బేటా, మాట ఒక్కటి అర్థమైతలేదు" అన్నారు. అది ఇరాన్ డబ్బా, రాత ఫార్సీ.

కారణం: అరబీ, ఫార్సీ, ఉర్దూ ముగ్గురూ ఒకే లిపి కుటుంబం. అరబీలో ప, చ, గ ధ్వనులకు అక్షరాలు లేవు, ఫార్సీవాళ్లు చేర్చుకున్నారు. ఉర్దూ వాటిని తీసుకుని, ట, డ లాంటి మన ధ్వనుల కోసం మరికొన్ని చేర్చుకుంది.

ఏం చేయాలి: ముందు కింద మూడు చుక్కలున్న అక్షరం కోసం వెతకండి, అది 'పె'. పైన రెండు ఏటవాలు గీతలున్నది 'గాఫ్'. ఇవి కనిపిస్తే మామూలు అరబీ కాదు. తర్వాత ఏదైనా అక్షరం నెత్తిన బుల్లి 'తోయ్' అక్షరం (ط) కూర్చుందేమో చూడండి. ఉంటే ఉర్దూ. లేకపోతే ఫార్సీ అనుకుని ముందుకెళ్లొచ్చు. అరబీలో అయితే మాటల మొదట రెండు నిలువు కర్రలు పదే పదే వస్తాయి, అది 'అల్'. మాట చివర గుండ్రటి అక్షరం మీద రెండు చుక్కలూ ఎక్కువే.

రాత వాలు కూడా చెబుతుంది. ఉర్దూ ప్రతి మాటా పై నుంచి కిందికి జారుతుంది. హైదరాబాద్ బోర్డులు చూసిన కంటికి ఇది చెప్పక్కర్లేదు. అరబీ అచ్చు గీత మీద తిన్నగా కూర్చుంటుంది. అయితే వాలు ఒక్కటే నమ్మకండి, ఫాంట్ మారిస్తే వాలు మారుతుంది. అంకెలు నమ్మొచ్చు. గల్ఫ్ కాగితాల్లో 5 మన సున్నాలా ఉంటుంది, ఇరాన్ కాగితంలో తలకిందులైన గుండె బొమ్మలా ఉంటుంది.

దేవనాగరిలోనూ ఇదే కథ. "నాకు హిందీ వచ్చు, కానీ ఇదేం హిందీ అన్నా?" అని భీవండి కాగితం పట్టుకుని అడుగుతారు. వాక్యం చివర చూడండి. 'హై' ఉంటే హిందీ, 'ఆహే' ఉంటే మరాఠీ, 'ఛ' ఉంటే నేపాలీ. మధ్యలో 'మరియు'కి 'ఔర్' బదులు 'ఆణి' అన్నా మరాఠీయే. మరాఠీలో 'ళ' కూడా విరివిగా వస్తుంది, పడుకోబెట్టిన 8 అంకెలా ఉంటుంది.

పైగీత మొత్తం తీసేసిన హిందీలా ఉంటే గుజరాతీ. బెంగాలీ, అస్సామీలకు తేడా 'ర' దగ్గర తేలుతుంది. త్రికోణం కింద చుక్క ఉంటే బెంగాలీ, త్రికోణం లోపల అడ్డంగా గీత పడితే అస్సామీ.

సమస్య: అన్నీ డబ్బాలు డబ్బాలుగా ఉన్నాయి, చైనీసేనా?

మధ్యలో వలయాలు, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉంటే కొరియన్. 1446లో సెజోంగ్ రాజు ప్రజలకు అందించిన లిపి అది, పద్ధతిగా ఉంటుంది, త్వరగా పట్టుబడుతుంది. చిక్కుముడి అక్షరాల నడుమ రెండు మూడు గీతల తేలికపాటి అక్షరాలు కలిసి ఉంటే జపనీస్. సుడి తిరిగినట్టు ఒకే గీతతో రాసే 'నో' అక్షరం ఒక్కటి దొరికితే చాలు. మొత్తం చిక్కుముళ్లే అయితే చైనీస్.

కిటుకు పారని చోటు ఒకటుంది. జపనీస్ శీర్షికలు, స్టాంపులు ఒక్కోసారి పూర్తిగా చైనా అక్షరాలతోనే ఉంటాయి. ఫోన్‌లో భాష గుర్తుపట్టే కెమెరా యాప్ కూడా అక్కడే పొరబడుతుంది. స్టాంపు మీద కాదు, కింద ఉన్న పొడుగు వాక్యం మీద కెమెరా పెట్టండి.

సమస్య: ఇంగ్లిష్ అక్షరాలే, కొన్ని తిరగబడ్డాయి

తిరగబడిన 'ఆర్' కనిపిస్తే సిరిలిక్ లిపి. మనకు తెలిసిన అక్షరాలే ఇక్కడ అబద్ధం చెబుతాయి. 'పి' అనుకున్నది ర, 'హెచ్' అనుకున్నది న, 'సి' అనుకున్నది స. హోటల్ బోర్డు మీద 'పెక్టోపాహ్' అని చదివితే అది 'రెస్టొరాన్'.

సిరిలిక్ అనగానే రష్యన్ అని రాసేయకండి. 'ఐ' మీద రెండు చుక్కలుంటే ఉక్రెయినియన్. 'ఓ' మధ్యలో అడ్డగీత ఉంటే కిర్గిజ్, కజక్, మంగోలియన్‌లలో ఏదో ఒకటి. అప్పుడు యూనివర్సిటీ ఏ దేశంలో ఉందో అడగడమే తేలిక దారి.

అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే ఉండి మాట అందకపోతే అక్షరాల మీది అలంకారాలు చూడాలి. ఒకే అచ్చు మీద రెండేసి గుర్తులు ఎక్కితే వియత్నామీస్. 'ఎన్' మీద అల ఉంటే స్పానిష్ కావచ్చు, 'ఎ', 'ఓ'ల మీద ఉంటే పోర్చుగీస్. చిన్న 'ఐ'కి చుక్క లేకపోతే టర్కిష్, 'ఎల్'కు అడ్డంగా గీత కొడితే పోలిష్. వాక్యం మధ్యలో నామవాచకాలన్నీ పెద్దక్షరంతో మొదలైతే జర్మన్.

సమస్య: ఇది ఏ భాషా కాదు, చెత్త

ఖాళీ డబ్బాలు వరుసగా కనిపిస్తే మీ సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేదు, అంతే. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా ఉండి, పంపినవాళ్లు "తెలుగే అన్నా" అని ఒట్టేస్తుంటే అది అను ఫాంట్లలోనో శ్రీలిపిలోనో కొట్టిన ఫైలు. ఆ ఫాంట్ వేయండి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి, ముందు అవే చెడతాయి.

మూడోరకం చెత్తలో భాష దాక్కుని ఉంటుంది. 'ఎ' మీద ఏటవాలు గీత, పక్కన ఇంకో గుర్తు, ఇదే జంట వందలసార్లు వస్తుంది. యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) ఫైలును పాత పాశ్చాత్య ఎన్‌కోడింగ్‌లో తెరిస్తే ఇలా అవుతుంది. యూటీఎఫ్-8లో మన అక్షరం ఒక్కొక్కటి మూడు బైట్లు, మొదటిది అన్నిటికీ ఒకటే, రెండోది రెండింట్లో ఏదో ఒకటి, అందుకే ఆ జంట వదలదు. ఫైలు తెరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకుంటే సరిపోతుంది.

తెరవకముందే భాష తెలియాలంటే జంటలో రెండో గుర్తు చూడండి. డిగ్రీ గుర్తు గానీ, ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తు గానీ అయితే తెలుగు. జపాన్ యెన్ గుర్తు గానీ, నాలుగు మూలలా కొమ్ములున్న బుల్లి వలయం గానీ అయితే హిందీ లేదా మరాఠీ. పైన బుల్లి 2, బుల్లి 3 ఉంటే కన్నడం. చెత్తలో కూడా ఆ రెండు లిపులు పక్కపక్క ఇళ్లలోనే ఉన్నాయి.