ఫోను లేకుండా దారి – 3వ పాఠం: నీడతో దిక్కు పట్టడం

కిందటి పాఠంలో చెప్పిన పని చేశారా? పర్లాకిమిడి బజారులో నిలబడి, కళ్ళు మూసుకుని, పాతపట్నం ఎటో, గుణుపురం ఎటో, మహేంద్రగిరి ఎటో వేలెత్తి చూపమన్నాను. సరిచూసుకోండి: పాతపట్నం దక్షిణం, గుణుపురం వాయవ్యం, మహేంద్రగిరి ఈశాన్యం. తప్పినవాళ్ళు దిగులు పడొద్దు. ఆ శక్తి మీలో ఉంది, పని చెప్పక మూలపడిందంతే.

మన మానవజాతి (హోమో సేపియన్స్) ఎముకల్లో బాగా పాతవి మొరాకోలో జెబెల్ ఇర్హూద్ దగ్గర దొరికాయి. వాటి వయసు సుమారు 3 లక్షల ఏళ్ళు. జీపీఎస్ పూర్తిగా పనిలోకి వచ్చింది 1995లో. అంతకాలమూ వేటకెళ్ళినవాడైనా, దుంపలు తవ్వబోయిన ఆడమనిషైనా పొద్దుగూకేలోపు గూటికి చేరింది తలలో ఉన్న పటాన్ని పట్టుకునే. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ఉంది. ఫలానా చోటికి రాగానే మేలుకునే కణాలు అందులో ఉన్నాయని జాన్ ఓకీఫ్ 1971లో ఎలుకల్లో కనిపెట్టారు. ఆ పనికి 2014లో మోసర్ దంపతులతో పాటు ఆయనకు నోబెల్ వచ్చింది. లండన్ టాక్సీ డ్రైవర్లను పరీక్షిస్తే ఆ భాగం వెనకవైపు తక్కినవాళ్ళకంటే పెద్దదిగా కనిపించింది. ఎన్నేళ్ళు బండి నడిపితే అంత ఎక్కువ! నాకు ఎంతో ధైర్యమిచ్చే మాట ఇది. ఫోను పారేయమని ఎవరినీ అడగను. కొండదారిలో మ్యాపు ఆగిపోయిన పూట మన పిల్లలు కంగారు పడకూడదని నా తపన.

ఇక పనిలోకి దిగుదాం. ఎండ బాగా పడే చదునైన చోటు కావాలి. పెరడైనా సరే, డాబా అయినా సరే. మూరెడు పొడవున్న సన్నని పుల్లను నిలువుగా పాతండి. డాబా మీదైతే మట్టి నింపిన డబ్బాలో గుచ్చండి. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి వేలాడదీసి, రెండు పక్కల నుంచీ చూసుకోండి. ఇక్కడ బద్ధకిస్తే తరవాతదంతా వంకర పోతుంది.

ఉదయం 9 గంటలకు నీడ కొస దగ్గర గుర్తు పెట్టండి. పుల్ల మొదలుకు దారం కట్టి, ఆ గుర్తు దాకా లాగి, చుట్టూ వలయం గీయండి. నీడ కుంచించుకుపోయి లోపలికి వెళుతుంది, మధ్యాహ్నం మళ్ళీ సాగుతుంది. 2 దాటాక కనిపెట్టుకుని ఉండండి. కొస వలయాన్ని తాకగానే రెండో గుర్తు. కొస ఎప్పుడూ కాస్త మసగ్గానే ఉంటుంది, సూర్యుడు చుక్కలా కాక బిళ్ళలా ఉంటాడు కనక. రెండుసార్లూ చిక్కటి నీడ ఆగేచోటే గుర్తు పెట్టండి. రెండు గుర్తులనూ కలిపితే తూర్పు పడమరల గీత. పొద్దుటి గుర్తు పడమర, సాయంత్రపుది తూర్పు. ఆ గీత నడిమి నుంచి పుల్ల మొదలుకు గీసింది ఉత్తర దక్షిణాల గీత.

యజ్ఞవేదికల కొలతలు చెప్పే పాత గ్రంథాలు శుల్బసూత్రాలు. వాటి నాటి పద్ధతి ఇది. మన ఒడిశాలోనే ఖండపడాలో పుట్టిన ఖగోళ పండితుడు పఠాణి సామంత (1835–1904) వెదురు, కర్ర పరికరాలతోనే ఆకాశాన్ని కొలిచాడు. ఆయన పేరు మన తెలుగు ఇళ్ళలోనూ వినబడాలి.

ఒక హెచ్చరిక. మిట్టమధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని చాలామంది అనుకుంటారు. మన ఊళ్ళో అది ఏడాదంతా చెల్లదు. మే నడిమి నుంచి జులై చివరి దాకా సూర్యుడు మనకు ఉత్తరంగా పోతాడు, నీడ దక్షిణాన పడుతుంది. మీటరు కర్రకు డిసెంబరు 21 దరిదాపుల్లో ఉత్తరాన 91 సెంటీమీటర్ల నీడ, జూన్ 21కి దక్షిణాన 8 సెంటీమీటర్లే. వలయం పద్ధతికి మాత్రం ఏ నెలైనా ఒకటే.

గీత పడ్డాక ఫోనులోని దిక్సూచిని పక్కన పెట్టి చూడండి. పిట్టగోడ ఇనుప ఊచల దగ్గరైతే ఫోను మాట నమ్మకండి, గీతనే నమ్మండి.

వచ్చే పాఠం రాత్రిపూట. ఈలోగా ఒక పని: ఉత్తరపు గీత వెంట చూస్తూ చెయ్యి చాచి, ఆకాశం నేలను తాకేచోటు నుంచి పిడికిలి మీద పిడికిలి, రెండు పిడికిళ్ళు పైకి కొలవండి. అక్కడ ఏ చుక్క ఉందో చూసి ఉంచండి.