డిస్లెక్సియా పిల్లలకు టీడీసీఎస్: ఒప్పుకునే ముందు, సెషన్ రోజున

విజయవాడలోనో గుంటూరులోనో ఎవరైనా మీ పిల్లాడి డిస్లెక్సియాకు (చదవడంలో ఇబ్బందికి) తలమీద సన్నని కరెంటు, అంటే టీడీసీఎస్, పెడదామంటే, ముందు రిపోర్టులు చూసుకోండి. కంటి పరీక్ష, వినికిడి పరీక్ష, ఐక్యూ, నిమ్‌హాన్స్ ఎస్‌ఎల్‌డీ బ్యాటరీ (డిస్లెక్సియా లాంటి నేర్చుకునే ఇబ్బందుల్ని, అంటే ఎస్‌ఎల్‌డీని, పట్టే పరీక్షల సెట్టు) అయ్యాయా? ఇంగ్లిష్ మీడియం పిల్లాడిని తెలుగులోనూ చదివించి చూడమనండి. తెలుగు గడగడా చదివి ఇంగ్లిష్‌లోనే తడబడితే లోపం పాఠం చెప్పడంలో ఉండొచ్చు.

ఇది ఇంకా పరిశోధన దశలోనే ఉంది. ఇటలీలో ఒక చిన్న ట్రయల్‌లో 1 మిల్లీయాంప్ చొప్పున 20 నిమిషాలు, వారానికి 3 సార్లు, 6 వారాలు ఇచ్చారు, చదివే శిక్షణతో కలిపి. శిక్షణ లేకుండా కరెంటు ప్యాకేజీ ఒక్కటే అమ్మితే డబ్బు కట్టకండి. పరిశోధన అంటారా, సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగండి. అలాంటప్పుడు ఆ సెషన్లకు ఫీజు తీసుకోకూడదు.

ఫిట్స్ (చిన్నప్పుడు జ్వరంలో వచ్చినవైనా సరే), తలలో లోహం, కాక్లియర్ ఇంప్లాంట్ (చెవి లోపల అమర్చిన వినికిడి పరికరం), మాడుమీద పుండ్లు, వాడుతున్న మందులు: వీటిలో ఏదీ దాచొద్దు.

సెషన్ రోజు అసలు శత్రువు కొబ్బరినూనె. తలకు కరెంటు అందించే తడి స్పాంజి నూనె ఉన్నచోట సరిగ్గా అంటదు. అంటిన కాస్త చోటే కరెంటంతా దిగి చురుక్కుమంటుంది, ఒక్కోసారి చర్మం కాలుతుంది. ముందురోజు నుంచే నూనె మానేసి, షాంపూతో తలంటి, జుట్టు పూర్తిగా ఆరబెట్టండి. క్లిప్పులు వద్దు. మే ఎండలో ఆటో దిగిన పిల్లని చెమట ఆరేదాకా కూర్చోబెట్టండి, ఎందుకంటే చెమటైనా, స్పాంజి నుంచి కారే సెలైనైనా (ఉప్పునీరైనా) కరెంటును పక్కకు పాకిస్తాయి. స్పాంజి 0.9 శాతం సెలైన్‌తో బాగా తడవాలి, కానీ కారకూడదు. మధ్యలో ఆరితే సిరంజితో కొద్దిగా పట్టించాలి.

పైన చెప్పిన ఇటలీ ట్రయల్ పద్ధతిలో ఆనోడ్ (ప్లస్ స్పాంజి) ఎడమ చెవికి పైన కాస్త వెనక్కి, కాథోడ్ (మైనస్ స్పాంజి) కుడివైపు అదే చోట వస్తాయి. కంటి అంచనాతో కాదు, టేపుతో కొలిచే పెట్టాలి. ఈ రెండూ తారుమారు చేసి చూసిన ప్రయోగంలో చదవడంలో తప్పులు పెరిగాయి. కరెంటు సుమారు 30 సెకన్లలో మెల్లగా పెరగాలి, అలాగే తగ్గాలి. మొదట్లో దురద మామూలే. మంట అంటే ఆపమనండి, అయితే కరెంటు సున్నాకి దిగాకే స్పాంజి తీయాలి, లేకపోతే జర్కు కొడుతుంది.

9 వోల్టుల బ్యాటరీతో ఇంట్లో చేసుకునే వీడియోల జోలికి అసలు పోవద్దు. కరెంటు హద్దు దాటకుండా పట్టి ఉంచేది అందులో ఏదీ ఉండదు.

మొదటిరోజు, 6 వారాల తర్వాత, మరో నెలకు, ఎప్పుడూ చూడని పేరా ఇచ్చి నిమిషానికి ఎన్ని పదాలు, ఎన్ని తప్పులో రాసుకోండి. ఈలోగా రెమెడియల్ క్లాసు (చదవడం ప్రత్యేకంగా నేర్పే క్లాసు) మాన్పించకండి. ఎస్‌ఎల్‌డీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది కాబట్టి సర్టిఫికెట్ సంగతి జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) సైకియాట్రీ ఓపీలో ఇప్పుడే అడగండి. పరీక్షల్లో అదనపు సమయం అడగడానికి ఆ కాగితమే కావాలి.