లోహాలు, ఆమ్లాలు, విద్యుద్విశ్లేషణ: ప్రయోగాలు చేసే విధానం

సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో జింక్ ముక్క వేయగానే దాని చుట్టూ బుడగలు లేస్తాయి. అదే ఆమ్లంలో శుభ్రమైన రాగి తీగను ఉంచితే ఒక్క బుడగైనా రాదు. అయితే ఆ రాగి తీగనే బ్యాటరీ ధన ధ్రువానికి కలిపి వలయం పూర్తి చేస్తే, అది మెల్లగా కరుగుతూ ద్రావణానికి నీలిరంగు తెస్తుంది. లోహాలు ఒక పాఠంలోనూ విద్యుద్విశ్లేషణ (విద్యుత్తును పంపి రసాయన మార్పు జరిపించడం) మరొక పాఠంలోనూ ఉండటం వల్ల ఇవి సంబంధం లేని విషయాలని విద్యార్థులు అనుకుంటారు కానీ, రెండింటిలోనూ జరిగేది ఎలక్ట్రాన్ల మార్పిడే. మొదటి దానిలో అది తనంతట తాను జరుగుతుంది, రెండవ దానిలో బ్యాటరీ జరిపిస్తుంది. కింది ప్రయోగాలను ఇదే వరుసలో చేయడం మంచిది.

ముందుగా జాగ్రత్తలు. ఉపాధ్యాయుల సమక్షంలో, కళ్లద్దాలు పెట్టుకుని, గాలి ఆడే గదిలో మాత్రమే ఈ పనులు చేయాలి. గాఢ ఆమ్లాన్ని సజలం చేసే పనిని ఉపాధ్యాయులకే వదిలేయాలి. ఆమ్లాన్ని నీటిలో కొద్దికొద్దిగా పోయాలే తప్ప నీటిని ఆమ్లంలో పోయకూడదు, ఎందుకంటే అప్పుడు పుట్టే వేడికి పైనున్న నీరు ఒక్కసారిగా మరిగి ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. సోడియం, పొటాషియం లోహాలను ఆమ్లంలో ఎన్నడూ వేయకూడదు, అవి పేలిపోతాయి.

మొదటి ప్రయోగానికి నాలుగు పరీక్షనాళికలలో, లీటరుకు అర మోల్ గాఢత గల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని 5 మిల్లీలీటర్ల చొప్పున తీసుకోవాలి. మెగ్నీషియం, జింక్, ఇనుము, రాగి ముక్కలను గరుకు కాగితంతో రుద్ది, ఒక్కొక్క దానిలో ఒక్కొక్కటి వేయాలి. రుద్దడం అనవసరమనిపించవచ్చు కానీ, లోహంపై ఉన్న ఆక్సైడ్ పొర చర్యను ఆలస్యం చేస్తుంది. ముక్కలు దాదాపు ఒకే పరిమాణంలో లేకపోతే వేగాలను పోల్చడానికి అర్థమే ఉండదు. మెగ్నీషియం నురగలు కక్కుతూ త్వరగా అయిపోతుంది, నాళిక వేడెక్కడం చేతికి తెలుస్తుంది. జింక్ అంతకంటే నెమ్మదిగా, ఇనుము మరింత నెమ్మదిగా చర్య జరుపుతాయి. రాగి కదలదు. మెగ్నీషియం ఉన్న నాళిక మూతిని కొన్ని క్షణాలు బొటనవేలితో వదులుగా మూసి, వేలు తీసిన వెంటనే మండుతున్న పుల్లను దగ్గరకు తెస్తే ‘టప్’ మనే శబ్దం వస్తుంది. అది హైడ్రోజన్. లోహాలపై ఆమ్లాల చర్య వల్ల వచ్చే ఈ ‘మండే గాలి’ని ప్రత్యేకమైన వాయువుగా 1766లో వివరించినవాడు హెన్రీ కావెండిష్.

జింక్ + సల్ఫ్యూరిక్ ఆమ్లం → జింక్ సల్ఫేట్ + హైడ్రోజన్ అని రాస్తే మార్కులు వస్తాయి, కానీ లోపల జరిగిన సంగతి అందులో కనబడదు. ఒక్కో జింక్ పరమాణువు రెండు ఎలక్ట్రాన్లను వదిలి అయానుగా (ఆవేశం గల కణంగా) మారి ద్రావణంలోకి వెళుతుంది. ఆ రెండు ఎలక్ట్రాన్లను రెండు హైడ్రోజన్ అయాన్లు అందుకుని ఒక అణువుగా కలుస్తాయి. చర్య జరిపే స్వభావం తగ్గే క్రమంలో లోహాలను పేర్చిన చర్యాశీలత శ్రేణిలో హైడ్రోజన్‌కు పైనున్న లోహాలు ఇలా ఎలక్ట్రాన్లను ఇవ్వగలవు, కిందనున్న రాగి, వెండి, బంగారం ఇవ్వలేవు. సీసం హైడ్రోజన్‌కు పైనే ఉన్నా ఈ ఆమ్లంలో దాదాపు కదలదు, ఎందుకంటే కరగని లెడ్ సల్ఫేట్ దానిపై పొరగా పేరుకుంటుంది. శ్రేణిని కంఠస్థం చేసినవారు తరచుగా తప్పు రాసేది ఇక్కడే. నైట్రిక్ ఆమ్లం మరో మినహాయింపు. అది బలమైన ఆక్సీకరణి (ఇతర పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లను లాగేసేది) కాబట్టి సాధారణంగా హైడ్రోజన్ రాదు, రాగితో సైతం చర్య జరిపి నైట్రోజన్ ఆక్సైడ్లను ఇస్తుంది. ఆ వాయువులు విషపూరితమైనవి గనుక ఆ ప్రయోగం తరగతి గదిలో వద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పరిశీలన. బీకరులోని సజల ఆమ్లంలో జింక్ పలకను, రాగి తీగను ఒకదానికొకటి తగలకుండా ఉంచి, రాగి మీద బుడగలు లేవని చూసుకోవాలి. తరువాత తీగ కొనను పలకకు తాకించాలి. వెంటనే రాగి మీద బుడగలు వస్తాయి! రాగి చర్య జరుపుతోందని తొందరపడి రాయకూడదు. కరిగేది జింకే, అది వదిలిన ఎలక్ట్రాన్లు లోహం గుండా రాగిలోకి ప్రవహించి, అక్కడ హైడ్రోజన్ అయాన్లకు అందుతున్నాయి. చాలా శుద్ధమైన జింక్ ఆమ్లంలో మందకొడిగా ఉంటే కొన్ని చుక్కల కాపర్ సల్ఫేట్ ద్రావణం కలపడానికి కారణం కూడా ఇదే. జింక్ మీద పేరుకున్న రాగిపై హైడ్రోజన్ సులభంగా వెలువడుతుంది. ఎలక్ట్రాన్లు వదిలే చోటు, అందుకునే చోటు వేరుపడ్డాయి కాబట్టి మధ్యలో తీగ పెడితే అది విద్యుత్ ఘటమవుతుంది, బ్యాటరీ పెడితే విద్యుద్విశ్లేషణకు దారి తీస్తుంది.

విద్యుద్విశ్లేషణ కోసం ప్లాస్టిక్ గ్లాసు అడుగున రెండు రంధ్రాలు చేసి, రబ్బరు బిరడాల ద్వారా రెండు కార్బన్ కడ్డీలను బిగించాలి. గ్లాసును పళ్లెంలో స్టాండు మీద ఉంచి, కడ్డీలు మునిగేలా నీరు పోసి, కొన్ని చుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపాలి. నీటితో నింపిన రెండు పరీక్షనాళికలను కడ్డీలపై బోర్లించి, 6 వోల్టుల బ్యాటరీకి కలపాలి. నీటిని విడగొట్టడానికి సిద్ధాంతపరంగా 1.23 వోల్టులు చాలు కానీ, ఆచరణలో ఎక్కువే కావాలి. 1.5 వోల్టుల ఒక్క ఘటంతో బుడగలు సరిగా రాకపోవడం అందుకే. ఆమ్లానికి బదులు ఉప్పు వేయకూడదు, క్లోరిన్ వస్తుంది.

ఋణ ధ్రువమైన కాథోడ్ వద్ద హైడ్రోజన్, ధన ధ్రువమైన ఆనోడ్ వద్ద ఆక్సిజన్ 2:1 ఘనపరిమాణాలలో చేరాలి. రెండు కడ్డీల వద్ద మారే ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే. హైడ్రోజన్ అణువుకు రెండు, ఆక్సిజన్ అణువుకు నాలుగు అవసరం కాబట్టి ఆ నిష్పత్తి వస్తుంది. ఆక్సిజన్ కాస్త తక్కువగా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అది హైడ్రోజన్ కంటే నీటిలో ఎక్కువగా కరుగుతుంది, కార్బన్ ఆనోడ్‌ను కొంత ఆక్సీకరిస్తుంది కూడా. కొలిచినదే రాసి, తేడాకు కారణం చెప్పాలి. 2:1 అని దిద్దకూడదు.

చివరగా, బీకరులో సజల ఆమ్లం తీసుకుని, ఆనోడ్‌గా రాగి తీగను, కాథోడ్‌గా కార్బన్ కడ్డీని వాడాలి. రాగి నుంచి ఎలక్ట్రాన్లను బ్యాటరీ లాగేస్తుంది గనుక రాగి అయాన్లుగా కరుగుతుంది. కాథోడ్ వద్ద మొదట హైడ్రోజన్ వచ్చినా, ద్రావణంలో రాగి అయాన్లు పెరిగేకొద్దీ అక్కడ రాగి చేరుతుంది. దీనినే కొలవాలంటే కాపర్ సల్ఫేట్ ద్రావణంలో రెండు రాగి పలకలను ముందుగా తూచి అమర్చి, 0.5 ఆంపియర్ విద్యుత్తును 30 నిమిషాలు పంపాలి. అంటే 900 కూలుంబుల (విద్యుదావేశ ప్రమాణం) ఆవేశం. ఒక మోల్ రాగికి 2 × 96,500 కూలుంబులు కావాలి కాబట్టి కాథోడ్ సుమారు 0.3 గ్రాములు పెరగాలి, ఆనోడ్ అంతే తగ్గాలి. విద్యుత్తు మరీ ఎక్కువైతే రాగి పొడిగా చేరి, కడిగేటప్పుడు రాలిపోతుంది. కాథోడ్‌ను రుద్దకుండా నీటిలో ముంచి తీసి, పూర్తిగా ఆరిన తరువాతే తూచాలి.