మలావీ ఎంబూనా చేపలకు నాలుగడుగుల ట్యాంక్

షాపుల్లో ‘ఆఫ్రికన్ సిక్లిడ్స్’ అని ఒకే ట్యాంకులో కలిపి అమ్మే రంగుల చేపల్లో చాలావరకు మలావీ సరస్సు రకాలే. ఒడ్డు దగ్గర రాళ్ల సందుల్లో ఉంటూ, రాళ్లకు పట్టిన నాచు గీక్కుని తినేవాటిని ఎంబూనా అంటారు. చూడ్డానికి ఎంత అందమో, ఒకదాన్నొకటి తరుముకోవడంలో అంత మొండివి. గోల్డ్‌ఫిష్, ఏంజెల్ లాంటివి వీటితో అస్సలు కలపొద్దు.

ట్యాంకు 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు ఉండాలి. సుమారు 250 లీటర్లు పడుతుంది. ఇక్కడ ఎత్తు కన్నా పొడవే ముఖ్యం, తరుముతున్నప్పుడు బలహీనమైన చేప పారిపోవడానికి చోటుండాలి. నీళ్లు, రాళ్లు, అద్దం కలిపితే బరువు 300 కిలోలు దాటుతుంది కాబట్టి టీవీ బల్ల పనికిరాదు. ఇనుప స్టాండు చేయించి, ట్యాంకు కింద థర్మోకోల్ షీటు వేయండి.

రాళ్లకు దూరం పోనక్కర్లేదు. నాపరాయి, తాండూరు బండ రెండూ సున్నపురాయే, ఈ చేపలకు సున్నమున్న నీళ్లే కావాలి. పాలిష్ చేయని ముక్కలు తెచ్చి, అంచులు అరగదీసి, బ్రష్షుతో కడగండి. అనుమానముంటే నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి, బుడగలొస్తే సున్నం ఉన్నట్టే. ముందు అడుగున పలచటి ప్లాస్టిక్ షీటు పరిచి దానిమీద రాళ్లు పేర్చాలి, ఇసుక ఆ తర్వాతే, అంగుళం మందాన. చాలామంది ఇది తిరగేసి చేస్తారు. ఎంబూనా నోటితో ఇసుక తోడేస్తాయి, కింద ఆధారం పోయి రాయి జారుతుంది, అద్దం పగులుతుంది. పై వరస రాళ్లను అక్వేరియం సిలికాన్‌తో అతికిస్తే ఇంకా మంచిది. ప్రతి గుహకూ రెండు దారులుండాలి. ఒకే దారి ఉన్న గుహలో దూరిన చేపను మగది అక్కడే మూలకు నెట్టి కొరుకుతుంది.

పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.8 నుంచి 8.6, వేడి 24–27 డిగ్రీలు వీటికి సరిపడతాయి. మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్లు గట్టిగానే (సున్నం లాంటి లవణాలు ఎక్కువగా) ఉంటాయి, ఈ ఒక్క విషయంలో అది అదృష్టం. ఆర్‌వో నీళ్లు వద్దు. కుళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాల్సిందే. కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల కొలత) తక్కువగా ఉంటే 50 లీటర్లకు ఒక టీ చెంచా వంటసోడా కలపండి, మూడు డిగ్రీల వరకు పెరుగుతుంది. బేకింగ్ పౌడర్ వేరు, అది వేయకూడదు. సోడాను కొత్తగా పోసే నీళ్లలో కలపాలి తప్ప నేరుగా చేపల మీద పోయకూడదు.

కొత్త ట్యాంకుల్లో చేపలు చచ్చిపోవడానికి ఎక్కువసార్లు కారణం చేపల రెట్ట, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియా. పీహెచ్ 7 దగ్గర దానిలో విషంగా పనిచేసే భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. 8.3 దగ్గర, 27 డిగ్రీల వేడిలో పదో వంతు దాటుతుంది. అంటే మామూలు చేపలు తట్టుకునే మోతాదు వీటిని చంపేస్తుంది. ఈ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత హాని తక్కువైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్లో తయారవడానికి 4–6 వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపేదాకా చేపలు కొనొద్దు. గంటకు 1500–2000 లీటర్లు తిప్పే ఫిల్టర్ పెట్టి, వారానికోసారి 30 శాతం నీళ్లు మార్చండి. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు తగిలితే బ్యాక్టీరియా పోతుంది.

మొదటిసారి పెంచేవాళ్లకు యెల్లో ల్యాబ్, రస్టీ, ఎసీ (Acei) అనే మూడు రకాలు చాలు. పిల్ల చేపల్లో ఆడ, మగ తెలియదు కాబట్టి ఒక్కో రకం 6–7 తీసుకుని అన్నీ ఒకేరోజు వదలండి. పెద్దయ్యాక ఒక మగదానికి మూడు ఆడవి ఉండేలా చూసి, మిగిలిన మగవి షాపుకి తిరిగిచ్చేయండి. చేపలు ఇన్ని ఉంటేనే మగదాని కోపం ఒక్కదాని మీదే పడదు, నాలుగైదే ఉంటే రోజూ ఒక్క చేపే దెబ్బలు తింటుంది. పసుపు మీద నల్లచారలతో పిల్లప్పుడు ఎంతో ముద్దుగా ఉండే ఆరేటస్ జోలికి పోకండి, పెద్దయ్యాక అది మరీ కొట్లాటకోరు. తర్వాత కొత్త చేప వేయాల్సి వస్తే ముందు రాళ్లన్నీ మార్చి పేర్చి, లైటు ఆర్పి వదలండి. హద్దులు చెరిగిపోతే పాతవీ కొత్తవీ మళ్లీ మొదటినుంచి చోటు వెతుక్కుంటాయి.

మేత స్పైరులినా (ఒక రకం నాచు) గుళికలు, రోజుకు రెండుసార్లు, నిమిషంలో అయిపోయేంత, వారంలో ఒకరోజు పస్తు. షాపువాళ్లు అంటగట్టే ట్యూబిఫెక్స్, బ్లడ్‌వార్మ్స్ లాంటి పురుగుల మేత వద్దు. నాచు తినే పొడవాటి పేగుకి అవి పడవు, బ్లోట్ అనే పొట్ట ఉబ్బే జబ్బు వస్తుంది. మేత నోట్లో పెట్టుకుని ఉమ్మేయడం, తెల్లటి దారం లాంటి రెట్ట వేయడం మొదటి గుర్తులు. పొట్ట ఉబ్బేదాకా ఆగితే ఇక బతకడం కష్టం. వెంటనే వేరే తొట్టిలోకి మార్చి, 40 లీటర్లకు 250 మిల్లీగ్రాముల మెట్రోనిడజోల్, రోజు విడిచి రోజు నాలుగో వంతు నీళ్లు మారుస్తూ మూడుసార్లు వేస్తారు.

మేత మానేసిన చేప గొంతు కింద ఉబ్బి కనిపిస్తే మాత్రం కంగారు పడకండి. అది గుడ్లు నోట్లో పెట్టుకున్న ఆడది, మూడు వారాల దాకా అలాగే ఉంటుంది.

మే నెలలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి గుటకలు వేస్తాయి. అద్దం మూత తీసి దోమతెర కట్టి, నీటి మీదకు చిన్న ఫ్యాను తిప్పి, ఎయిర్ పంపు పెంచండి. కరెంటు పోయే ఊళ్లో బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే మూత డబ్బా ఫిల్టర్) గంటల తరబడి ఆగిపోయి ఉంటే, అందులో నిలిచిన నీళ్లు పారబోసి, స్పాంజి పిండాకే మళ్లీ ఆన్ చేయాలి.