రూపం మరవని తీగ – 3వ పాఠం: మన ఎండకు ఏ వైరు?

పోయిన పాఠంలో నిటినాల్ తీగను వంచి వేడినీళ్లలో వేస్తే మళ్లీ నిటారుగా అవడం చూశాం. అందులో నికెల్, టైటానియం పరమాణువులు దాదాపు సగం సగం ఉంటాయి. మామూలు మిశ్రమ లోహంలోలా ఎక్కడ పడితే అక్కడ ఉండవు, స్ఫటికంలో దేని చోటు దానిదే. అందుకే దీన్ని అంతర్లోహ సమ్మేళనం అంటారు. చల్లగా ఉంటే మార్టెన్‌సైట్, వేడెక్కితే ఆస్టెనైట్ అనే అమరికలోకి మారుతుంది. ఆ మార్పు ఏ డిగ్రీ దగ్గర జరుగుతుందో కొలవడమే ఈ రోజు పని.

మహబూబ్‌నగర్ దగ్గర ఒక కోళ్ల షెడ్డుకు వేడెక్కితే దానంతటదే తెరుచుకునే కిటికీ పెట్టాలనుకుందాం. 40 డిగ్రీల దగ్గర మారే స్ప్రింగ్ కొంటే సరిపోవచ్చు. అదే స్ప్రింగును నల్లగొండలో మంటలు పసిగట్టే అలారానికి పెడితే? రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మంట లేకుండానే రోజూ మోగుతుంది. దానికి 70 డిగ్రీల వైరు కావాలి. నికెల్ వాటా సగం దాటాక 0.1 శాతం పెరిగినా మార్పు డిగ్రీ దాదాపు 10 పడిపోతుంది. కాబట్టి ప్యాకెట్ మీది అంకెను నమ్మకండి, మీరే కొలవండి.

గంజులో ఐసు నీళ్లు పోసి, తీగను అందులోనే పట్టకారుతో యూ ఆకారంలో వంచండి. మరీ మడత పెట్టొద్దు. సాగుడు 8 శాతం దాటితే తిరిగి రాదు. థర్మామీటర్ బల్బు తీగకు ఆనుకొని ఉండాలి, గంజు అడుగును తాకొద్దు. సన్న సెగ మీద కలుపుతూ ఉండండి. తీగ కాళ్లు కదలడం మొదలైనప్పుడు ఒక అంకె, పూర్తిగా చాచుకున్నాక ఇంకో అంకె రాసుకోండి. తొందరపడి మంట పెంచితే రెండు అంకెలూ తప్పే. కిటికీకి అక్కరకొచ్చేది రెండోది.

చల్లారితే తీగ దానంతటదే వెనక్కి వంగదు, లాగడానికి బరువో మామూలు స్ప్రింగో కట్టాలి. పళ్ల డాక్టర్లు వాడే క్లిప్పుల తీగ సంగతి వేరు: ఒంటి వేడికే ఆస్టెనైట్‌గా ఉండి రబ్బరులా సాగుతుంది.

వచ్చే పాఠంలో తీగను ఇనుప ప్లేటు మీద బోల్టులతో బిగించి, 500 డిగ్రీల ఫర్నేస్‌లో కొత్త ఆకారం నేర్పిద్దాం. ఆ వేడికి మార్పు డిగ్రీ కూడా అటూ ఇటూ అవుతుంది కాబట్టి ఈ రోజు రాసుకున్న కాగితం దాచి ఉంచండి.