అందరూ బిజీ, పని మాత్రం పూర్తి కాదు: లోపం ఎక్కడ వెతకాలి?

సమస్య: ఎవరిని అడిగినా చేతినిండా పనే, అయినా మొదలుపెట్టింది ఏదీ అనుకున్న రోజుకి పూర్తవదు.

ఇలాంటప్పుడు ముందు మనుషుల్ని అనుమానిస్తారు, అది అన్యాయం. ఈమధ్యే పూర్తయిన ఒక పనిని తీసుకుని అది ఎప్పుడు వచ్చింది, ఎవరి దగ్గర ఎన్నాళ్లు ఆగింది, నిజంగా దాని మీద ఎన్ని గంటలు కూర్చున్నారు అని రాసి చూడండి. చాలాసార్లు చేసిన సమయం కొన్ని గంటలే, మిగతాదంతా ఎదురుచూపే.

కారణం: ఒకేసారి మరీ ఎక్కువ పనులు తెరిచి ఉంచడం. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికా పరిశోధకుడు నిరూపించిన సూత్రం దీన్ని తేలిగ్గా చెబుతుంది: నడుస్తున్న పనుల సంఖ్యను పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి పట్టే సగటు సమయం వస్తుంది. నడుస్తున్న పనులు 60, వారానికి పూర్తయ్యేవి 10 అయితే ఒక్కో పనికి సగటున 6 వారాలు పడుతుంది, ఎంత తిట్టినా అంతే.

పరిష్కారం: కొత్తవి మొదలుపెట్టడం కొన్నాళ్లు ఆపి, ఉన్నవి పూర్తిచేయండి. పూర్తయ్యే వేగం తగ్గకుండా 60ని 30కి తెస్తే సగటు 3 వారాలకు దిగుతుంది. ఆ తర్వాత ఒకటి బయటికి వెళ్తేనే ఇంకొకటి లోపలికి రావాలి. పైవాళ్ల ‘అర్జెంట్’ పనులకూ ఇదే నియమం, లేకపోతే వారంలోనే మళ్లీ మొదటికి వస్తారు.

సమస్య: పనులు తగ్గించినా ఒకరి దగ్గర ఎప్పుడూ కుప్ప.

అది మీ అసలు ఇరుకు. మొత్తం వేగాన్ని నిర్ణయించేది అదే కాబట్టి మిగతా చోట్ల ఎంతమందిని పెంచినా ఆ కుప్ప పెరుగుతుందే తప్ప ఫలితం పెరగదు. ఆ మనిషి చేసేవాటిలో వేరేవాళ్లు చేయగలిగినవి తీసేయండి, సగం వివరాలతో ఏదీ అక్కడికి పంపకండి. ఖాళీ లేకుండా నింపేయడమూ ప్రమాదమే. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చిపడుతూ, ఒక్కోదానికి పట్టే సమయమూ మారుతూ ఉంటే, ఒక్కరే చూసే వరుసలో ఆ మనిషి సమయం 80 శాతం నిండినప్పుడు సగటు నిరీక్షణ పనికి పట్టే సమయానికి 4 రెట్లు, 90 శాతానికి 9 రెట్లు, 95కి ఏకంగా 19 రెట్లు! ఆ చివరి కాస్త ఖాళీని వృథా అనుకునే మేనేజర్లకు ఈ లెక్క తప్పకుండా చూపించాలి.

సమస్య: సాయం కోరేవాళ్ల ఫోన్లు, మెయిళ్లు రోజురోజుకీ పెరుగుతున్నాయి.

మనుషుల్ని చేర్చుకునే ముందు వారం రోజులపాటు ప్రతి ఫోనుకీ కారణం రాయండి. ‘నా పని ఎంతవరకు వచ్చింది’, ‘మీరు పంపింది తప్పుగా ఉంది’ లాంటివి ఎక్కువుంటే అది కొత్త పని కాదు, మొదటిసారి సరిగా చేయకపోవడం వల్ల పుట్టింది. వాటి మూలం చాలాసార్లు వేరే విభాగంలో ఉంటుంది, అక్కడే సరిచేయాలి.

ఏ మార్పు చేసినా కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడండి. ఒకచోట ఇరుకు తీరగానే కుప్ప ఇంకోచోట కనిపిస్తుంది, నియమాలు అప్పుడు అక్కడికి మార్చాలి.